ప్రాజెక్టు రిపోర్టులో 38 శాతం సిమిలారిటీ: ఫెయిల్ చేయొచ్చా?

మీరు అడిగినవి మూడు. డిగ్రీ ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇంగ్లిష్‌లో రాసిన ఒకదానికి సాఫ్ట్‌వేర్ 38 శాతం సిమిలారిటీ (వేరే పాఠాలతో పోలిక) చూపింది, తెలుగులో రాసినదానికి సున్నా చూపింది. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) పది శాతం నిబంధన ప్రకారం మొదటిదాన్ని తిప్పికొట్టొచ్చా? వచ్చే ఏడాది ఈ తంటా రాకుండా ఏం చేయాలి? పాఠ్యపుస్తకం స్కాన్ చేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడితే తప్పా?

ముందు యూజీసీ సంగతి. 2018 జులైలో వచ్చిన నిబంధనల్లో 'స్క్రిప్టు' అనే మాటకు నిర్వచనం ఉంది. పీజీ, పరిశోధన డిగ్రీల కోసం ఇచ్చే థీసిస్, డిసర్టేషన్, ప్రచురణకు పంపే వ్యాసం, పుస్తకం అందులోకి వస్తాయి. అసైన్‌మెంట్లు, టర్మ్ పేపర్లు, ప్రాజెక్టు రిపోర్టులు, జవాబు పత్రాలు రావని అదే నిర్వచనం చివర్లో ఉంది. చాలా కాలేజీల్లో ఆ చివరి వాక్యం ఎవరూ చదవరు, 'పది దాటితే ఫెయిల్' అని నోటీసు బోర్డుకి అంటించేస్తారు. కాబట్టి డిగ్రీ ప్రాజెక్టుని ఆ నిబంధన చూపించి తిప్పికొట్టలేరు. మీ కాలేజీ గానీ యూనివర్సిటీ గానీ విడిగా నియమం పెట్టుకుని, దాన్ని విద్యార్థులకు ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంటే ఆ నియమం ప్రకారం నడుచుకోవచ్చు.

థీసిస్‌ల విషయంలో ఆ నిబంధనలు ఏమంటాయో కూడా తెలిసి ఉంటే మంచిది. 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అయితే ఆ శాతం లెక్కలోకి ఉల్లేఖించి ఆధారం చూపిన భాగం, ఉపయుక్త గ్రంథసూచి, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు, చట్టాల పాఠం, ప్రామాణిక గుర్తులు, సమీకరణాలు రావు. అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసే మాటలు వరసగా 14 పదాల దాకా వచ్చినా పట్టించుకోరు. ఈ మినహాయింపులు తియ్యకుండా బటన్ నొక్కగానే వచ్చే మొదటి అంకె అసలు అంకె కాదు.

ఇప్పుడు ఆ 38ని విప్పి చూడండి. సాఫ్ట్‌వేర్ చేసేది పోలిక మాత్రమే. ఇక్కడి పదాల వరస తన దగ్గరున్న పాఠాల్లో ఇంకెక్కడైనా ఉందా అని వెతికి, కలిసిన పదాలను మొత్తం పదాలతో భాగిస్తుంది. దొంగతనమా కాదా అన్నది దానికి తెలియదు. ముందుగా సెట్టింగుల్లో కొటేషన్లు, బిబ్లియోగ్రఫీ మినహాయించండి. సర్టిఫికెట్, డిక్లరేషన్, కృతజ్ఞతల పేజీలు తీసేసి ప్రధాన పాఠాన్నే మళ్లీ ఎక్కించండి. నలభై పేజీల రిపోర్టులో ఈ ఒక్క పనితోనే అంకె గణనీయంగా పడిపోతుంది, ఎందుకంటే ఆ పేజీలు ప్రతి ఏడాదీ ప్రతి విద్యార్థికీ ఒకటే నమూనా. ఆ తర్వాత మూలాల జాబితా చూడండి. నలభై చోట్ల ఒక్కో శాతం కలిస్తే అది చాలావరకు ఆ సబ్జెక్టు పరిభాషే. ఒకే మూలంతో పాతిక శాతం కలిస్తే అక్కడ ఆగాలి.

ఎక్కడ కలిసిందన్నది ఎంత కలిసిందన్నదానికన్నా ముఖ్యం. ప్రశ్నావళి, ల్యాబ్ పద్ధతి, గణాంక సూత్రం వర్ణించిన చోట మాటలు కలవడం సహజం. కామర్స్ ప్రాజెక్టుల్లో కంపెనీ పరిచయం అధ్యాయమైతే దాదాపు ప్రతిసారీ ఆ కంపెనీ వెబ్‌సైటు నుంచే మక్కికి మక్కి దిగుతుంది. అది తప్పే, కానీ కొటేషన్ గుర్తులు, మూలం పేరు పెట్టి సగానికి కుదిస్తే తీరిపోయే తప్పు. విశ్లేషణ, ఫలితాలు, సూచనల అధ్యాయాల్లో కలిసిందంటే మాత్రం ఆ విద్యార్థి సర్వే చేశాడా అన్నదే అనుమానించాలి. మొత్తం మీద 6 శాతమే ఉన్నా, ఆ ఆరూ ఫలితాల అధ్యాయంలోనే ఉంటే మొదటి 38 కన్నా అది పెద్ద నేరం.

ఒక మామూలు పొరపాటు కూడా చూసుకోండి. విద్యార్థి ముందే ఒకసారి డ్రాఫ్టు ఎక్కించి, అది సాఫ్ట్‌వేర్ భాండారంలో నిలవ ఉండిపోతే, రెండోసారి ఎక్కించినప్పుడు తన రాత తనతోనే కలిసి తొంభై పైన చూపిస్తుంది. డ్రాఫ్టులు చూసేటప్పుడు భాండారంలో దాచవద్దు అనే ఎంపిక పెట్టుకోవాలి.

ఇక ఆ తెలుగు రిపోర్టు. నన్నడిగితే ముందుగా అనుమానించాల్సింది ఈ సున్నానే. పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు రాకుండా ఇంగ్లిష్ అక్షరాలు, వింత గుర్తులు వస్తే అది అను ఫాంట్లలో (డీటీపీ సెంటర్లు వాడే, యూనికోడ్ కాని ఫాంట్లు) టైప్ చేయించింది. కంటికి తెలుగులా కనపడుతుంది గానీ సాఫ్ట్‌వేర్‌కి అందులో తెలుగు లేదు, అందుకే దేనితోనూ కలవదు. అసలేమీ పేస్ట్ కాకపోతే అవి స్కాన్ చేసిన బొమ్మలు. తెలుగే వచ్చి గుణింతాలు, ఒత్తులు చెదిరిపోతే పీడీఎఫ్ తయారీలో లోపం. మూడింటికీ మందు ఒకటే: యూనికోడ్‌లో (ఏ కంప్యూటరైనా తెలుగుని తెలుగుగానే చదివే పద్ధతి) ఉన్న వర్డ్ ఫైలు అడగండి. డీటీపీ సెంటర్లో అనులో కొట్టించుకున్నవాళ్లు కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు, కాకపోతే మార్చాక ఒత్తులు, అరసున్నలు, అంకెలు ఒకసారి కళ్లతో సరిచూసుకోవాలి.

యూనికోడ్‌లో ఉన్నా తెలుగుకి ఈ పోలిక బలహీనమే. 'అమలు చేసింది' అని ఒకరు, 'అమలుచేసింది' అని ఇంకొకరు రాస్తే యంత్రానికి అవి వేరు. 'సాఫ్ట్‌వేర్'లో కంటికి కనపడని విడదీత గుర్తు ఉన్నా లేకున్నా తేడా వచ్చేస్తుంది. సంధి విడగొట్టి, విభక్తి మార్చి, క్రియ చివర 'డు' తీసి 'రు' పెడితే వరస తెగిపోతుంది. పైగా తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం ఆ సాఫ్ట్‌వేర్‌కి అందేచోట లేనే లేవు. ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగులోకి తిప్పి రాస్తే ఇక దొరకడమే కష్టం. అలా తిప్పి ఆధారం చెప్పకపోవడం కూడా గ్రంథచౌర్యమే, భాష మారినంత మాత్రాన సొంతదైపోదు.

వీటిని చేత్తోనే పట్టుకోవాలి. రిపోర్టులో మూడు వేర్వేరు చోట్ల నుంచి కొంచెం విశేషమైన ఏడెనిమిది పదాల వాక్యం తీసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. దొరకకపోతే ఆ పేరాని అనువాద యంత్రంతో ఇంగ్లిష్‌లోకి తిప్పి, అందులోని కీలకమైన మాటలతో వెతకండి. డాలర్లు, గ్యాలన్లు, మనకు లేని చట్టాల పేర్లు, వాక్యం మధ్యలో మిగిలిపోయిన వికీపీడియా ఫుట్‌నోట్ అంకెలు కూడా దారి చూపిస్తాయి. అన్నిటికన్నా పనికొచ్చేది జిల్లాల లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో 23 జిల్లాలు అని వర్తమానంలో రాస్తే అది 2014 జూన్‌కి ముందటి రాత. 13 అని ఉంటే 2022 ఏప్రిల్‌కి ముందటిది. తెలంగాణలో 10 జిల్లాలు అని ఉంటే 2016 అక్టోబరు దసరాకి ముందటిది, 31 అని ఉంటే 2019 ఫిబ్రవరికి ముందటిది. ఈ ఏడాది సర్వే చేశానన్న పిల్లవాడి రిపోర్టులో పాత లెక్క కనపడిందంటే, ఆ రిపోర్టు అతనికన్నా సీనియర్.

ఫుట్‌నోట్ల దొంగతనం ఇంకొకటి ఉంది, తెలుగు శాఖల్లో ఎక్కువ. ఒక పాత థీసిస్‌లోని ఉల్లేఖనను, దాని కింద పుట సంఖ్యతో సహా ఎత్తుకుని, అసలు గ్రంథం తానే చూసినట్టు రాస్తారు. పాతవారు 54కి బదులు 45 అని వేసి ఉంటే కొత్తవారి దగ్గరా 45 అనే ఉంటుంది. అనుమానం వచ్చిన ఐదు సూచికలు ఎంచుకుని అసలు పుస్తకంతో సరిచూస్తే తేలిపోతుంది. మూలం చేతికి అందనప్పుడు 'ఫలానావారి గ్రంథంలో ఉటంకించినది' అని రాస్తే సరిపోతుంది, అందులో నామోషీ ఏమీ లేదు.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ప్రతి విద్యార్థీ బుద్ధిపూర్వకంగా దొంగతనం చేస్తాడనుకుంటే పొరపాటు. పదో తరగతి నుంచి ఇంటర్ దాకా గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఫుల్ మార్కులు వేసి, డిగ్రీకి రాగానే అదే పనిని నేరమంటున్నాం. సొంతమాటల్లో రాయడమంటే వాళ్లకు తెలిసింది మాటకు మాట మార్చడం. ఈ ఉదాహరణను క్లాసులో బోర్డు మీద రాసి చూపించండి, మూలం పేరా ఇక్కడ ప్రదర్శన కోసం అల్లిందే:

మూలం: 'చెరువుల కింద ఆయకట్టు తగ్గడానికి పూడిక ఒక్కటే కారణం కాదు. బోరుబావులు పెరిగాక రైతుకు చెరువు నీటితో అవసరం తగ్గింది. దాంతో తూములు, కాలువలు బాగుచేసుకోవాలన్న పట్టింపు పోయింది.'

విద్యార్థి రాసేది: 'తటాకాల కింద సాగుభూమి క్షీణించడానికి ఒండ్రు మాత్రమే హేతువు కాదు. గొట్టపు బావులు అధికమైన పిదప కర్షకునికి తటాక జలంతో ఆవశ్యకత సన్నగిల్లింది.' మాటలన్నీ మారాయి, వాక్యాల వరస, వాదన అంగుళం కదలలేదు. సాఫ్ట్‌వేర్ దీనికి సున్నా ఇచ్చినా ఇది కాపీయే. కింద మూలం పేరు పెట్టినా సగమే సరిపోతుంది, ఎందుకంటే చదివేవాళ్లు ఆ మాటల పొందిక విద్యార్థిదే అనుకుంటారు.

రాయాల్సింది ఇలా: 'బోరుబావులు వచ్చాక చెరువు నిర్వహణ మీద రైతుల పట్టింపు పోవడమే ఆయకట్టు తగ్గడానికి పెద్ద కారణమని ఫలానా రచయిత (సంవత్సరం, పుట) వాదన. మేం మాట్లాడిన 50 మందిలో బోరు ఉన్నవారు 31 మంది, వారిలో గత ఐదేళ్లలో కాలువ పనికి వచ్చినవారు నలుగురే. మా గ్రామం వరకు ఆ వాదన నిలబడుతుంది.' వేరొకరి మాట ఎక్కడ ముగిసిందో, తన మాట ఎక్కడ మొదలైందో ఇక్కడ స్పష్టంగా ఉంది. బోర్డు మీద ఈ మూడూ పక్కపక్కన పెట్టి అరగంట మాట్లాడితే, గ్రంథచౌర్యం మీద పెట్టించే సెమినార్లకన్నా ఎక్కువ పని జరుగుతుంది.

నిజానికి కాపీ మొదలయ్యేది రాసేటప్పుడు కాదు, నోట్సు తీసుకునేటప్పుడు. ఫోన్లోంచి పేరా కాపీ చేసి వర్డ్‌లో పడేసి తర్వాత మారుద్దామనుకుంటారు. నెల తర్వాత అది ఎవరిదో గుర్తుండదు. అందుకే నోట్సులో ఒక పద్ధతి పెట్టండి: మూలంలోని మాట అలాగే తీసుకుంటే అప్పుడే కొటేషన్ గుర్తులు, పుట సంఖ్య, తన మాటల్లో కుదిస్తే పక్కన 'సా' అని సారాంశం గుర్తు, తన ఆలోచనైతే 'నా' అని. సారాంశం రాసేటప్పుడు పుస్తకం మూసేయాలి. ఎదురుగా తెరిచి ఉంటే చెయ్యి అదే వాక్యంలోకి జారిపోతుంది.

తెలుగులో ఆధారాలు రాయడంలో ఒక చిక్కుంది. ఇంటిపేరు ముందా, పేరు ముందా? ఇంగ్లిష్ శైలి యథాతథంగా దించితే మన పేర్లు తలకిందులవుతాయి. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడమనండి. ప్రాచీన కావ్యాలకు పుట సంఖ్య కన్నా ఆశ్వాసం, పద్యం సంఖ్య, ఏ ముద్రణ అన్నది ఇవ్వడం మేలు, ముద్రణ మారితే పుట మారుతుంది కాబట్టి. జానపద గేయం సేకరిస్తే పాడినవారి పేరు, ఊరు, తేదీ రాయాలి, రికార్డు చేయడానికి ముందు వారి అనుమతి తీసుకోవాలి. ప్రదర్శకుల హక్కు కాపీరైట్ చట్టంలోనే ఉంది.

వచ్చే ఏడాదికి చేయాల్సింది పోలీసు పని కాదు, ప్రశ్న మార్చడం. 'భారతదేశంలో స్వయంసహాయక బృందాలు' అని శీర్షిక ఇస్తే నెట్‌లో వంద రిపోర్టులు రెడీగా ఉంటాయి. 'మా మండలంలో ఐదు బృందాల గత రెండేళ్ల రుణ పుస్తకాలు' అని ఇస్తే ఒక్కటీ ఉండదు. పనిని దశలుగా విడగొట్టండి. రెండో వారానికి ఒక పేజీలో అంశం, అడిగే ప్రశ్న. నాలుగో వారానికి చదివిన ఐదు మూలాలు, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు, ఆ పుట ఫోటో. ఏడో వారానికి నింపిన సర్వే ఫారాలు, ఇవి చేతిరాతలో ఉండాలి. తొమ్మిదికి డ్రాఫ్టు, పదకొండుకి తుది ప్రతి. గూగుల్ డాక్స్‌లో రాయిస్తే వెర్షన్ చరిత్ర కూడా ఉంటుంది. నెలరోజులు ఖాళీగా ఉన్న ఫైల్లో ఒక్క నిమిషంలో ముప్పై పేజీలు వచ్చిపడితే మాట్లాడాల్సిన విషయమే. అమీర్‌పేటలో ప్రాజెక్టు కొనుక్కున్న వాడు కూడా తుది ప్రతి తేగలడు. నాలుగో వారం ముక్క, ఏడో వారం ఫారాలు మాత్రం కొనుక్కోలేడు.

చివర పది నిమిషాల వైవా తప్పనిసరి. 'ప్రాజెక్టు గురించి చెప్పు' అని అడగొద్దు, అది బట్టీ పడతారు. 'పట్టిక 3లో 46 మంది జవాబులే ఉన్నాయి, మిగతా నలుగురు ఏమయ్యారు?', 'ఈ ప్రశ్నకు ఎవరైనా జవాబు చెప్పనన్నారా?' అని అడగండి. చేసినవాడు ఠక్కున చెబుతాడు, తప్పులు కూడా ఒప్పుకుంటాడు. చేయనివాడు రిపోర్టు పేజీలు తిరగేస్తాడు.

ఏఐ గురించి రెండు ముక్కలు. ఏఐ రాసిందని చెప్పే డిటెక్టర్ల అంకెను సాక్ష్యంగా తీసుకుని ఎవరికీ శిక్ష వేయకండి, తెలుగు రాతకైతే మరీనూ. శుభ్రమైన, ఎత్తుపల్లాలు లేని ఇంగ్లిష్ రాసే పిల్లలనూ అవి తప్పుపడతాయి. దానికన్నా ఉపయుక్త గ్రంథసూచిలో ఏవైనా ఐదు ఎంట్రీలు తీసి, అలాంటి పుస్తకం, వ్యాసం అసలున్నాయా అని చూడండి. లేని వ్యాసాన్ని పత్రిక పేరు, సంచిక, పుటలతో సహా సృష్టించడం ఈ యంత్రాలకు అలవాటు. లేని మూలాన్ని చూపించడం ఏఐ వాడినా వాడకపోయినా కల్పితమే, దాన్ని నిరూపించడం కూడా తేలిక. ఏఐని దేనికి వాడారో ఒక పేరాలో చెప్పమని నియమం పెట్టండి.

దొరికాక ఏం చేయాలన్నది ముందే రాసి పెట్టుకోండి. కొటేషన్ గుర్తులు మరిచిన నిర్లక్ష్యానికి వారం గడువిచ్చి సరిదిద్దించండి. మాటకు మాట మార్చిన అతుకుల రాతకు ఆ అధ్యాయం మళ్లీ రాయించి, ఆ భాగం మార్కులకు పరిమితి పెట్టండి. కొన్నదో, మొత్తం సీనియర్‌దో అయితే సున్నా, కొత్త అంశంతో మళ్లీ చేయడం. మూడింటిలోనూ కాపీ భాగాలకు గుర్తులు పెట్టిన రిపోర్టును విద్యార్థికి చూపించి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. నిర్ణయం ప్రాజెక్టు గైడ్ (పర్యవేక్షించే అధ్యాపకుడు) ఒక్కరే కాక ఇద్దరు, ముగ్గురు కలిసి తీసుకోవాలి. క్లాసులో నిలబెట్టి పేరు చదవడం వద్దు.

ఇక కాపీరైటు. దీన్నీ గ్రంథచౌర్యాన్నీ కలిపేయడం వల్లే సగం గందరగోళం. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలకు కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. ఎవరైనా అచ్చేసుకోవచ్చు. కానీ ఆయన వాక్యాన్ని తనదిగా రాసుకుంటే చట్టం ఊరుకున్నా అది గ్రంథచౌర్యమే. అదే శ్రీశ్రీ కవితా సంపుటి మొత్తం స్కాన్ చేసి ఆయన పేరుతోనే నెట్‌లో పెడితే గ్రంథచౌర్యం కాదు, కాపీరైట్ ఉల్లంఘన. ఆయన 1983లో పోయారు, మన చట్టంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు, అంటే 2043 ఆఖరుదాకా హక్కు ఉంటుంది. నన్నయ పద్యానికి హక్కు లేదు, కానీ నిన్నమొన్నటి పండితుడు రాసిన తాత్పర్యానికి, పీఠికకు ఉంది. 'మూలం: గూగుల్' అని బొమ్మ కింద రాస్తే అది అనుమతీ కాదు, ఆధారమూ కాదు. వికీపీడియా పాఠాన్ని వాడుకోవచ్చు, కానీ దాని లైసెన్సు ప్రకారం పేరు చెప్పాలి, మార్చి ప్రచురిస్తే అదే లైసెన్సు కింద ఇవ్వాలి.

మీ వాట్సాప్ ప్రశ్నకు జవాబు 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ చేసే ప్రతులకు అందులో మినహాయింపు ఉంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఢిల్లీ యూనివర్సిటీ మీద, అక్కడి ఫొటోకాపీ దుకాణం మీద వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2016లో ఈ మినహాయింపును విశాలంగానే చదివింది. ఇన్ని పేజీలే, ఇంత శాతమే అని లెక్క పెట్టకుండా, బోధన అవసరానికి తగినంతా కాదా అన్నదే చూడాలంది. అయితే అక్కడ వివాదం వేర్వేరు పుస్తకాల నుంచి సిలబస్‌కి తగ్గ భాగాలు తీసి కుట్టిన కోర్సు ప్యాకుల గురించి. ఈ వారం చెప్పే అధ్యాయం ఆ క్లాసు గ్రూపులో పెట్టడం ఆ దారిలోనిదే. బజార్లో దొరుకుతున్న పాఠ్యపుస్తకం అట్ట నుంచి అట్ట దాకా స్కాన్ చేసి పెట్టడానికి ఆ తీర్పు అండగా ఉంటుందనుకోవద్దు. గ్రూపులోంచి టెలిగ్రామ్ చానెల్‌కి చేరితే అది బోధన కానే కాదు. తెలిసి చేసే ఉల్లంఘనకు చట్టంలో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. గెజిట్‌లో వచ్చిన విషయాలు, కోర్టు తీర్పులు, చట్టసభ ముందు పెట్టిన కమిటీ నివేదికలు మాత్రం సాధారణంగా నిశ్చింతగా పంచుకోవచ్చు.

ఇంకో సంగతి, ఇది అధ్యాపకుల వైపు నుంచి. ప్రాజెక్టు రిపోర్టుకి రచయిత విద్యార్థి, హక్కూ అతనిదే. దాన్ని కాలేజీ వెబ్‌సైట్లో పెట్టాలన్నా, వచ్చే బ్యాచ్‌కి నమూనాగా ఇవ్వాలన్నా ఒక కాగితం మీద అతని అనుమతి సంతకం తీసుకోండి. అందులోని సర్వే అంకెలతో గైడ్ వ్యాసం రాస్తే అతని పేరు రచయితల వరసలో ఉండాలి, కృతజ్ఞతల్లో కాదు.